ముగింపు గడిలో ఏం రాయాలి?

పోయిన వారం ఆఫీసులో కోడ్ రివ్యూ దగ్గర ఓ చిన్న గొడవైంది. గొడవంటే చొక్కాలు పట్టుకోలేదు లెండి, మైకులు ఆన్‌లో పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు మాట్లాడేసుకున్నాం, అంతే. విషయం చాలా చిన్నది. ఒక టేబుల్లో 'ముగింపు తేదీ' అని కాలమ్ ఉంది. ఇంకా ముగియని వాటికి మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు 31-12-9999 అని పెట్టాడు. ఇదేంటయ్యా అంటే, "ఏం పోయిందన్నా? అప్పటికి నువ్వుండవు, నేనుండను, ఈ ప్రాజెక్టైతే అసలే ఉండదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వాను గానీ ఆ పుల్ రిక్వెస్ట్ అప్రూవ్ చెయ్యబుద్ధి కాలేదు. ఎందుకంటే నాలుగైదేళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి పనే, ఇంకో చివర, నేనే చేశాను. ఆఫీసులో కాదు, మా ఊళ్ళో. అది చెప్పడానికే ఈ టపా.

ముందు కాస్త సాంకేతికం. తేదీల లైబ్రరీలో కాలవ్యవధి అంటే ఒక మొదలు, ఒక ముగింపు. (ఇంగ్లీషులో ఇంటర్వల్ అంటే మనకి సమోసాలే గుర్తొస్తాయి కాబట్టి వ్యవధి అనే అంటాను.) రెండు చివరలూ తెలిస్తే బాధే లేదు. లీవు 12 నుంచి 16 దాకా, అయిపోయింది. ఒక చివర లేనప్పుడే తంటా. మన రెజ్యూమేలే చూడండి, "2019 జులై టు టిల్ డేట్" అని రాస్తాం. ఆ టిల్ డేట్ అంటే ఏంటి? ఈ రోజుతో ఆఖరనా? ఎప్పటికీ ఇక్కడే ఉంటాననా? లేక వెళ్ళిపోతాను గానీ ఎప్పుడో ఇంకా తెలీదనా? మూడోదే అని మీకు తెలుసు, నాకు తెలుసు, మేనేజరుకీ తెలుసు. కంప్యూటరుకి మాత్రం తెలీదు.

జావాలో పాత జోడా-టైమ్ వాడినవాళ్ళకి గుర్తుండాలి. దాని ఇంటర్వల్ క్లాసుకి రెండు చివరలూ ఉండి తీరాలి. మరి ముగింపు దగ్గర నల్ ఇస్తే? ఎర్రర్ ఏమీ రాదు. నల్ అంటే 'ఇప్పుడు' అని అర్థం చేసుకునేది. దాని డాక్యుమెంటేషన్లోనే ఉంది ఆ ముక్క. అంటే మీరు 'ముగింపు లేదు' అనుకుని నల్ ఇస్తారు, అది ఆ క్షణం దగ్గర టక్కున తలుపేస్తుంది. రేపు తెరిచి చూస్తే నిన్నటితో ముగిసిపోయిన వ్యవధి. ఒక్క హెచ్చరిక ఉండదు. జోడా-టైమ్ రాసిన స్టీఫెన్ కోల్‌బోర్న్ మీద నాకు చాలా గౌరవం. జావాలో తేదీల కష్టాలు తీర్చినవాళ్ళ పేర్లు చెప్పమంటే మొదట ఆయన పేరే చెబుతాను. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం...

సరే, మా ఊరి సంగతికొస్తాను.

మాది పెనుబల్లి. ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్ళే దారిలో వస్తుంది. ఒకవైపు లంకాసాగర్ కింద వరి, ఇంకోవైపు కనకగిరి గుట్టలు, వాటి అడవి. కోవిడ్ టైములో అందరిలాగే నేనూ ఇంటి నుంచే పని చేశాను, పొద్దున స్టాండప్, మధ్యాహ్నం పప్పుచారు :). 2021 నవంబరులో ప్రభుత్వం పోడు భూముల దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది. గుట్టల వైపు ఒక చిన్న ఊరి నుంచి కమిటీ కుర్రాడు ఒకతను వచ్చి, "అన్నా, అందరి వివరాలూ ఒక పట్టికలో పెట్టియ్యవా, మాకు ల్యాప్‌టాప్ లేదు" అన్నాడు. దానికేం భాగ్యం అనుకున్నా. మా టీము సెలవుల కోసం వాడే ఎక్సెల్ షీటు ఒకటుంటే దాన్నే కాపీ చేసి పేర్లు మార్చా. 'ఫ్రం', 'టు' అని రెండు తేదీ కాలమ్‌లు అందులో అలాగే ఉండిపోయాయి. ఫ్రం దగ్గర 'సాగు మొదలు' అని రాసుకున్నా.

మొదటి రోజే చిక్కొచ్చింది. ఒక కోయ తాతని అడిగాను, "తాతా, ఈ చెలక ఎప్పటి నుంచి చేస్తున్నారు?" అని.

"మా నాయిన చెట్లు కొట్టిన కాడ్నుంచి" అన్నాడు.

"అంటే ఏ సంవత్సరం?"

"మా నాయిన చెట్లు కొట్టిన ఏడు."

అతను చెప్పింది పూర్తిగా నిజం. నా గడిలో పట్టదు, అంతే. తేదీ గడిలో తేదీయే పెట్టాలి కదా. ఎక్సెల్లో తేదీలు 1-1-1900 నుంచి మొదలవుతాయి, అంతకు ముందువి దానికి తేదీలే కావు. ఇంకేం, మొదలు తెలీని వాళ్ళందరికీ 1-1-1900 కొట్టేసుకుంటూ పోయాను. పక్క కాలమ్‌లో 'ఎన్నేళ్ళుగా' అని ఫార్ములా. గడగడా 121, 121, 121 అని దిగిపోయింది. అబ్బో చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో!

రెండు రోజుల తర్వాత కమిటీ కుర్రాడు ప్రింటు పట్టుకొచ్చాడు. "అన్నా, ఏమనుకోకు. మా ఊరోళ్ళందరూ ఒకే రోజు గొడ్డళ్ళు పట్టుకుని అడవికి పోయారా?"

ఆ మాటకి నా మొహం ఎలా అయ్యుంటుందో ఊహించుకోండి. ఆ ప్రింటు అలాగే పై ఆఫీసుకి వెళ్ళుంటే? నలభై మంది పేర్లు, అందరికీ ఒకే తేదీ, అదీ జనవరి ఒకటి. పరిశీలనకొచ్చిన ఏ అధికారైనా మొత్తం కట్టనీ దొంగ లెక్క అని పక్కన పడేస్తాడు. పడేస్తే తప్పు ఆయనది కాదు, నాది.

అసలు చట్టం ఏం అడుగుతోందో అప్పుడు గానీ చదవలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనులని 'ఎప్పుడు మొదలుపెట్టావు' అని అడగదు. 13-12-2005 కంటే ముందు నుంచీ భూమి నీ సాగులో ఉందా, ఇప్పటికీ నీ సాగులోనే ఉందా అని అడుగుతుంది. మన భాషలో చెప్పాలంటే, నీ వ్యవధిలో ఆ తేదీ ఉందా లేదా, అంతే ప్రశ్న. దానికి మొదలు ఖచ్చితంగా తెలియక్కర్లేదు. మొదలు ఫలానా తేదీ కంటే ఆలస్యం కాదు అని తెలిస్తే చాలు. రుజువుల్లో ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసి పెట్టినా ఒక సాక్ష్యంగా తీసుకోవచ్చని దాని రూల్సులోనే ఉంది.

మళ్ళీ తాత దగ్గరికి వెళ్ళా. ఈసారి ప్రశ్న మార్చాను. "గోదారికి పెద్ద వరదొచ్చింది చూడు, అప్పటికి ఈ చేను ఉందా?"

"ఎందుకు లేదు? భద్రాచలం కాణ్నుంచి మా బావమర్ది పిల్లల్ని తీసుకుని మా ఇంటికే వచ్చిండు. వాళ్ళకి ఈ చేలో జొన్నలే పెట్టినం. అప్పటికే మూడు కాపులు తీసినం."

ఆ పెద్ద వరద 1986 ఆగస్టుది. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కిన ఏడు. మూడు కాపులు వెనక్కి పోతే 1983 దాకా వెళ్ళాం. తాత వాళ్ళ నాన్న చెట్లు కొట్టింది 1950లోనా, 70లోనా నాకు ఇప్పటికీ తెలీదు. తెలియాల్సిన పనీ లేదు. 1983 కంటే ఆలస్యం కాదు. 2005 దాటడానికి అది చాలా ఎక్కువ. ఒక అబద్ధపు తేదీ తీసేసి ఒక నిజమైన హద్దు పెట్టాను. ఊళ్ళో ఇంకొందరికి వరద, కొందరికి పెద్ద కొడుకు పుట్టిన ఏడు, ఒకామెకి ఎన్టీఆర్ మొదటిసారి గెలిచిన ఏడు (1983 జనవరి, ఇది మాత్రం ఎవరూ మర్చిపోరు). ఇలా మొత్తం పట్టిక మళ్ళీ రాశాం.

కానీ అసలు భయం ఇంకో వరస దగ్గర పట్టుకుంది. జాబితాలో ఒక బీసీ కుటుంబం ఉంది. గిరిజనేతరులకి చట్టం ఇంకో షరతు పెట్టింది. 13-12-2005కి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అక్కడ నివాసం ఉండి అడవి మీద ఆధారపడి ఉండాలి. లెక్కేస్తే 13-12-1930 దాకా పోవాలి. నా పట్టికలో వాళ్ళకి కూడా 1-1-1900. ఫార్ములా ప్రకారం దర్జాగా పాస్! ఆ ఇంటి పెద్దావిడని అడిగితే, "మా అత్తగారు కాపరానికొచ్చేటప్పటికే ఇక్కడున్నారట నాయనా" అంది. అది 1930కి ముందో తర్వాతో ఎవరూ చెప్పలేరు. అంటే సరైన సమాధానం 'అవును' కాదు. 'కాదు' కూడా కాదు. 'చెప్పలేం, వెతకాలి.' నా పట్టిక మాత్రం వెతకాల్సిన అవసరమే లేదన్నట్టు అవును అనేసింది. అదే నేను తెలీనివాటికి ఆ రోజు తేదీ కొట్టి ఉంటే, తాతతో సహా ఊరు మొత్తానికి 'కాదు' అనేసేది.

ఇదండీ నా వాదన మొత్తం. హద్దు లేకపోవడం వేరు, హద్దు తెలియకపోవడం వేరు. రెండిటినీ ఒకే గడిలో, ఒకే నల్‌గానో ఒకే దొంగ తేదీగానో కుక్కితే, లైబ్రరీ మనకి తెలీకుండానే ఎవరో ఒకరి పక్షాన తీర్పు చెప్పేస్తుంది.

మన లైబ్రరీలు ఈ విషయంలో ఎక్కడున్నాయో చూద్దాం. 2014లో జావా 8తో వచ్చిన కొత్త తేదీల లైబ్రరీలో వ్యవధికి క్లాసే పెట్టలేదు. అది త్రీటెన్-ఎక్స్‌ట్రాలో దొరుకుతుంది, అదీ కోల్‌బోర్న్‌దే. అందులో ముగింపు లేని వ్యవధికి ఇన్‌స్టంట్ మ్యాక్స్ వాడతారు. జావాకి తెలిసిన ఆఖరి క్షణం అన్నమాట, సుమారు వంద కోట్ల సంవత్సరాల అవతల. జోడా కంటే ఇది చాలా నయం, 'ముగింపు లేదా' అని అడగడానికి వేరే మెథడ్ కూడా ఉంది. కానీ 'ఎంత పొడవు' అని అడిగితే మొహమాటం లేకుండా ఒక పెద్ద అంకె చేతిలో పెడుతుంది. దాన్ని తీసుకెళ్ళి సగటులో కలిపే మహానుభావులు ప్రతి టీములోనూ ఉంటారు. డాట్‌నెట్ వాళ్ళ నోడా టైమ్ నాకు ఇక్కడ బాగా నచ్చుతుంది. దాని 2.0 నుంచి వ్యవధికి ఏ చివరైనా లేకపోవచ్చు. లేని చివరని అడిగినా, పొడవు అడిగినా ఎక్సెప్షన్ విసురుతుంది. 'ఈ ప్రశ్నకి అర్థం లేదు, ముందు నువ్వు ఆలోచించుకుని రా' అని చెప్పడం అన్నమాట. మంచి గుమాస్తా చేసే పని అదే కదా.

పోస్ట్‌గ్రెస్ వాళ్ళు 2012లో 9.2తో రేంజ్ టైపులు తెచ్చారు. అందులో చివర వదిలేస్తే హద్దు లేదని అర్థం. అయితే 'ఇన్ఫినిటీ' అని ఇంకో విలువ కూడా ఉంది. ఇన్ఫినిటీతో ముగిసే రేంజ్‌ని తీసుకుని 'నీకు పై హద్దు లేదా' అని అడిగి చూడండి. ఉంది అంటుంది! అనంతం కూడా దానికి ఒక హద్దే. మొదటిసారి చూసినప్పుడు తల గోడకేసి కొట్టుకున్నా, తర్వాత ఆలోచిస్తే న్యాయంగానే అనిపించింది.

తేడాని కాగితం మీద స్పష్టంగా పెట్టింది మాత్రం 2019లో వచ్చిన ఐఎస్ఓ 8601 రెండో భాగం. వ్యవధికి ముగింపు లేకపోతే గీత తర్వాత రెండు చుక్కలు పెట్టాలి. ముగింపు తెలియకపోతే ఖాళీగా వదలాలి. రెండు చుక్కలకీ ఖాళీకీ మధ్య ఉన్న ఆ తేడా కోసమే నేను ఆ రోజు ఊళ్ళో అంత తిప్పలు పడ్డది. కానీ ఈ పద్ధతిని చదివి రెండిటినీ రెండు వేరే విలువలుగా చేతికిచ్చే లైబ్రరీ నేను రోజూ వాడే వాటిలో ఒక్కటీ లేదు. రెండిటికీ నల్లే!

ఇది ఇవాళ్టి సమస్యేం కాదు. మన పాత శాసనాల్లో రాజులు దానమిచ్చేటప్పుడు 'ఆచంద్రతారార్కం' అని చెక్కించేవారు. చంద్రుడూ చుక్కలూ సూర్యుడూ ఉన్నంత కాలం అని. ఎవరూ 31-12-9999 అని చెక్కలేదు. ఖాళీగా కూడా వదల్లేదు. ముగింపు లేదు అన్న సంగతిని ఒక మాటగా చెక్కించారు. ఎనమ్ అనుకోండి :)

ఇక 9999 పక్షం వాళ్ళ మాట కూడా వినాలి కదా. వాళ్ళకీ కారణాలున్నాయి. ఎస్‌క్యూఎల్ 2011 ప్రమాణంలో వ్యవధి కాలమ్‌లలో నల్ పెట్టడానికే వీల్లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ టెంపోరల్ టేబుల్సూ ఆఖరి వరసకి 9999 డిసెంబరు 31నే పెడతాయి. పోలికలు తేలిక, ఇండెక్సులు బాగా పనిచేస్తాయి, ప్రతి క్వెరీలోనూ 'నల్ అయితే' అని రాయక్కర్లేదు. ఒప్పుకుంటాను. డేటాబేస్ లోపల, నాలుగు గోడల మధ్య ఏం పెట్టుకున్నా పెట్టుకోండి. కానీ ఆ తేదీ గడప దాటి బయటికి రాకూడదు. వస్తే ఏమవుతుందో చెప్పనా? 9999 డిసెంబరు 31 రాత్రి 23:59:59 యూటీసీ. దాన్ని మన టైముకి మార్చండి. ఐదున్నర గంటలు కలిస్తే 10000వ సంవత్సరం జనవరి ఒకటి, తెల్లవారి 5:29:59. అయిదంకెల సంవత్సరం! జావా దాని ముందు ఒక ప్లస్ గుర్తు కూడా తగిలిస్తుంది. పది అక్షరాలకి కొలిచి పెట్టిన ఫైల్లో అది పట్టదు. ఇలాంటి దానికి ఒక శనివారం రాత్రంతా నేను జాగారం చేశాను, శివరాత్రి కూడా కాదు.

పైగా అది పచ్చి అబద్ధం. మా పెనుబల్లినే తీసుకోండి. 1-11-1956 దాకా హైదరాబాద్ రాష్ట్రం, అప్పటి నుంచి 2-6-2014 దాకా ఆంధ్రప్రదేశ్, ఆ రోజు నుంచి తెలంగాణ. (మొదలు కలిపి, ముగింపు కలపకుండా లెక్కేస్తే ఒకే తేదీ రెండు వరసలనీ అతుకుతుంది. 23:59:59లతో కుస్తీ ఉండదు. దీని మీద మాత్రం ఎవరితోనూ వాదన పెట్టుకోను, అది తేలిపోయిన విషయం.) 1956లో ఎవరైనా ఆ ఆంధ్రప్రదేశ్ వరసకి 9999 అని రాసి ఉంటే? మాకు భద్రాచలం అవతల ఉన్న చింతూరు కథ ఇంకా గొప్పది. తూర్పు గోదావరిలో ఉండేది, 1959లో భద్రాచలంతో పాటు ఖమ్మంలోకి వచ్చింది, 2014లో పోలవరం ముంపు మండలాలతో మళ్ళీ తూర్పు గోదావరికి పోయింది, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. ఇలాంటి కథల్లో ఆఖరి వరస ముగింపు గడిలో ఏ తేదీ రాసే ధైర్యమూ నాకు లేదు. అలాగని 'ఎప్పటికీ' అని కూడా రాయను. అక్కడ రాయాల్సింది 'ఇంకా తెలీదు' అని. పోడు పట్టా ముగింపు అలా కాదు. అది వారసులకి వస్తుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. చట్టమే దానికి ముగింపు పెట్టలేదు. ఒకటి తెలియని ముగింపు, ఇంకోటి లేని ముగింపు. రెండూ ఒకే జిల్లా కాగితాల్లో కనిపిస్తాయి.

మా కుర్రాడికి రివ్యూలో చివరికి రాసింది ఇదే: టైపులో మూడు దారులుండాలి, తేదీ ఉంది, హద్దు లేదు, తెలీదు. 'ఈ తేదీ ఇందులో ఉందా' అంటే మూడు జవాబులు రావచ్చు. పొడవు అడిగితే చెప్పలేనప్పుడు నిలబడి చెప్పలేనని అనాలి. డేటాబేస్‌లో 9999 పెట్టుకో, కానీ చదివేటప్పుడే మార్చేసెయ్. అతను కొంచెం గొణిగాడు గానీ మార్చాడు. రెండొందల లైన్లు పెరిగాయిట.

తాత సంగతి. 2023 జూన్ 30న పట్టాల పంపిణీ మొదలైంది, తర్వాత కొన్నాళ్ళకి ఆయనకీ వచ్చింది. ఆ విడతలో గిరిజనులకే ఇచ్చారు. ఆ బీసీ కుటుంబం వరస నా పట్టికలో ఇప్పటికీ 'చెప్పలేం' అనే ఉంది. పెద్దావిడ కొడుకు పాత కాగితాల కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

ఆ రోజు తాత వరస సరిచేసి ప్రింటు తీసి చదివి వినిపిస్తుంటే, ఆయన కాగితం మీద వేలు పెట్టి అడిగాడు. "ఇదేంది, ఇక్కడేం రాయలేదు?"

మా సెలవుల షీటు నుంచి మిగిలిపోయిన 'టు' కాలమ్ అది. తీసేయడం మర్చిపోయా. "అది ఎప్పటిదాకా అని తాతా. నీకు దాకా ఏం లేదుగా, అందుకే ఖాళీగా వదిలేశా."

"ఖాళీగుంటే రేపు ఎవడన్నా ఏదన్నా రాసుకోడా అయ్యా? గీత కొట్టు."

జేబులోంచి పెన్ను తీసి, ఆయన చూస్తుండగా, ఈ చివర నుంచి ఆ చివరకి గీత కొట్టాను.